సీటు సంగతి ఏ తేదీకి చెబుతారు?

అమెరికాలో యాక్సిలరేటెడ్ నర్సింగ్ కోర్సులు నడుపుతున్న కళాశాలల డీన్‌లకు, అడ్మిషన్ కమిటీలకు బహిరంగ లేఖ



మీ దగ్గర దరఖాస్తు పెట్టుకుని జవాబు కోసం చూస్తున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఉండేది న్యూజెర్సీ. పుట్టి పెరిగింది గుంటూరు జిల్లాలో, తెనాలి దగ్గర. ఇంజనీరింగ్ చదివి, ఇన్సూరెన్సు కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం ఏళ్ల తరబడి చేశాను. ఇప్పుడు వృద్ధుల్ని చూసుకునే ఒక కేర్ సెంటర్‌లో రాత్రి షిఫ్టు నర్సింగ్ అసిస్టెంటుని. నర్సు కావాలన్న కోరిక నాకు పుట్టింది ఆలస్యంగానే. పుట్టాక మాత్రం వేరే ఆలోచన రాలేదు.

ఈ లేఖ ఇంగ్లీషు ప్రతి మీ ఆఫీసులకు విడిగా పంపుతున్నాను. ముందు తెలుగు పత్రికకే ఎందుకిచ్చానంటే, ఎడిసన్‌లో, ఫ్రిస్కోలో, ఆష్‌బర్న్‌లో మావాళ్ల ఇళ్లలో ఇదే ఎదురుచూపు నడుస్తోంది. ఒక ఇంట్లో భార్య, ఇంకో ఇంట్లో ఇక్కడే పెరిగి సైకాలజీయో బయాలజీయో డిగ్రీ చేసిన కూతురు. ఇండియా నుంచి ఫోన్ చేసే అమ్మానాన్నలకు, అత్తమామలకు ఇక్కడ ఈ సీట్ల వ్యవహారం ఏమిటో అంతుపట్టడం లేదు. “మెయిల్ వచ్చిందా?” అని అడుగుతుంది మా అమ్మ. రాలేదంటాను. “ఇవ్వకపోతే ఇవ్వమని చెప్పడానికి వాళ్లకేం కష్టమే?” అంటుంది. ఆవిడ ప్రశ్ననే మీ ముందు పెడుతున్నాను.

సీటు ఇవ్వమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఇచ్చేదీ లేనిదీ ఏ తేదీకల్లా చెబుతారో దరఖాస్తు తీసుకునే రోజే చెప్పండి. ఆ తేదీ మీ అందరికీ ఒకటే ఉండేలా మీలో మీరు ఒక మాట మీదికి రండి. నేను అడిగేది అంతే.

పత్రిక చదివేవాళ్ల కోసం ఈ కోర్సు గురించి కొంచెం చెప్పాలి. వేరే సబ్జెక్టులో ఇదివరకే డిగ్రీ ఉన్నవాళ్లు, మళ్లీ నాలుగేళ్లు కూర్చోకుండా 11 నుంచి 18 నెలల్లో నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ పూర్తిచేసే దారి ఇది. సెయింట్ లూయిస్ యూనివర్సిటీ 1971లో మొదలుపెట్టింది. ఇప్పుడు దేశంలో దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. పొద్దున క్లాసు, వారంలో కొన్ని రోజులు ఆసుపత్రిలో క్లినికల్స్, సెలవుల్లేవు. చదువుతున్నన్నాళ్లూ ఉద్యోగం చెయ్యొద్దని మీరే గట్టిగా చెబుతారు. చివర్లో ఎన్‌క్లెక్స్ పరీక్ష రాసి పాసైతే లైసెన్సు. నడి వయసులో దారి మార్చుకోవాలనుకునేవాళ్లకు, ఇంటి బరువు మోస్తున్నవాళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. అందుకే ఒక్కో సీటుకు అంత పోటీ.

ఆ పోటీలో నిలబడటానికి ముందు చేయవలసిన పని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మావాళ్లకు చెప్పాలి. అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు, ల్యాబుతో సహా. మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, పుట్టుక నుంచి ముసలితనం దాకా మనిషి ఎదుగుదల మీద ఒక కోర్సు. మా బీటెక్‌లో వీటిలో చాలావరకు ఉండవు కాబట్టి కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రాలు చదువుకోవాల్సిందే. సైన్సు కోర్సులు చదివి అయిదేళ్లో ఏడేళ్లో దాటితే చాలా కాలేజీలు ఒప్పుకోవు, మళ్లీ చదవాలి. ఆ తర్వాత టీస్ అనే ప్రవేశ పరీక్ష, 209 నిమిషాల్లో 170 ప్రశ్నలు. కొన్ని కాలేజీలకు టీస్ పనికిరాదు, హెసీ అనే ఇంకో పరీక్ష కావాలి. ఇండియా డిగ్రీ అయితే యూనివర్సిటీ నుంచి మార్కుల పత్రాలు తెప్పించి వెస్ లాంటి సంస్థతో మదింపు చేయించాలి. ఇవన్నీ నర్సింగ్‌క్యాస్ అనే దరఖాస్తుల పోర్టల్‌లో ఎక్కించి, కాలేజీకింత అని ఫీజు కట్టి, వాళ్లు సరిచూసేదాకా ఆగాలి.

ఇది కష్టమని ఫిర్యాదు చేయడం లేదు. ఆ సాయంత్రాలంటే నాకు ఇష్టం. గొర్రె గుండెను కోసిన రోజు నా బెంచీ మీద ఒక మాజీ సైనికుడు, పగలంతా కాఫీ షాపులో పనిచేసి వచ్చిన ఒక అమ్మాయి, నేను. ఎడమ జఠరికను తెరిచి, కవాటాన్ని గోడకు పట్టి ఉంచే సన్నటి తెల్లటి తంతువుల కిందికి ప్రోబ్ పోనిచ్చి పైకి లేపితే, అవి తెగకుండా బిగుసుకున్నాయి. చనిపోయి ఫార్మలిన్‌లో నానిన గుండెలో కూడా అంత పట్టు. ఆ సైనికుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “వీటిలో ఒక్కటి తెగితే మనిషి ఊపిరితిత్తుల్లోకి నీరొస్తుందన్నమాట,” అన్నాడు. మా టీచరు ఆ రోజు పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టారు. ఇలాంటి మనుషులే మీ పోర్టల్‌లో దరఖాస్తు నెంబర్లుగా ఉన్నారు.

ఇక ఆ నెంబర్లు చూసేది ఏమిటి? లాగిన్ అయితే ఒకే మాట: “పరిశీలనలో ఉంది.” కొన్ని కాలేజీలు దరఖాస్తులు వచ్చినవి వచ్చినట్టు చూస్తూ, సీట్లు ఇస్తూ పోతాయి. అక్కడ మన వంతు దాటిపోయిందో ఇంకా రాలేదో తెలియదు. ఇంకొన్ని ఒక గడువు పెడతాయి. ఆ గడువు దరఖాస్తు పెట్టేవాళ్లకే, జవాబిచ్చేవాళ్లకు లేదు. ఇంకొన్ని వెయిట్‌లిస్టులో పెడతాయి. ఆ లిస్టులో మనం మూడో వాళ్లమో ముప్పయ్యో వాళ్లమో చెప్పవు. పోయినేడాది ఆ లిస్టులోంచి ఎంతమందిని పిలిచారో కూడా చెప్పవు. ఫోన్ చేస్తే ఎత్తినావిడ మర్యాదగానే మాట్లాడుతుంది: త్వరలో తెలియజేస్తాం. ఆ “త్వరలో” అన్నది వారమో, కోర్సు మొదలయ్యే వారానికి ముందురోజో ఆవిడకూ తెలియదు.

నేను రాత్రి షిఫ్టులో చేసే పని గురించి మీకు చెప్పాలి. మంచం దిగలేని వాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతాం. మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద దిండు పెడతాం. తిప్పినప్పుడల్లా నడుం కింద, మడమల మీద చర్మం చూడాలి. ఒకరోజు తెల్లవారుజామున ఒక పెద్దాయన్ని తిప్పుతుంటే తుంటి ఎముక మీద ఎర్రగా కనిపించింది. వేలితో నొక్కి వదిలాను. మామూలుగా అయితే నొక్కిన చోట తెల్లబడి మళ్లీ ఎరుపెక్కాలి. తెల్లబడలేదు. నొక్కినా అలాగే ఎర్రగా ఉంది. అంటే పుండు లోపల మొదలైపోయిందన్నమాట. అది ఏ దశో తేల్చే అధికారం నాకు లేదు, నా పని చూసి చెప్పడం వరకే. పరుగున వెళ్లి నర్సుని పిలిచాను. ఆవిడ వచ్చి, చూసి, కొలిచి, రాసుకుని, ఏం చేయాలో చెప్పింది. ఆవిడ చేసింది నేర్చుకోవడానికే నేను మీ తలుపు తట్టాను.

ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు ఎయిడెట్ అని అయిదు మెట్ల పద్ధతి నేర్పారు. అమెరికాలో ఎన్నో ఆసుపత్రుల్లో సిబ్బందికి ఇది నేర్పుతారు, మీ కోర్సుల్లోనూ చాలాచోట్ల ఉంది. గదిలోకి వెళ్లగానే మనిషిని పలకరించాలి. నువ్వెవరో చెప్పాలి. ఎంతసేపు పడుతుందో చెప్పాలి. ఏం చేయబోతున్నావో వివరించాలి. చివర్లో కృతజ్ఞత చెప్పాలి. మూడో మెట్టు దగ్గర మా శిక్షకురాలు గట్టిగా ఆగేది. రక్తపరీక్ష ఫలితం ఎప్పుడొస్తుందో తెలియని రోగి పది నిమిషాలకోసారి బెల్లు కొడతాడు, నాలుగింటికి వస్తుందని చెబితే నాలుగింటి దాకా పడుకుంటాడు, నాలుగింటికి రాకపోతే నువ్వే వెళ్లి ఇంకో గంట పడుతుందని చెప్పు, అనేది. తెలియకపోవడం కూడా నొప్పేనని వృత్తిపరంగా గుర్తించి, దాన్ని తగ్గించడం ఉద్యోగధర్మంగా పెట్టుకున్న వృత్తి మీది. ఆ వృత్తిలోకి రావాలనుకునే వాళ్లకు మాత్రం మూడో మెట్టు ఎందుకు లేదు?

ఎదురుచూపు వల్ల మనసు పాడవడం ఒక్కటే అయితే ఇంత పొడుగు ఉత్తరం రాయను. దాని ఖర్చు బయట కనబడుతుంది.

మా ఇళ్లలో పిల్లలు చిన్నవాళ్లయితే ఇలాంటి చదువుకి ఒకటే ఆధారం, ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తయ్యా మామయ్యలో రావడం. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు మామూలుగా ఆరు నెలలు ఉండటానికి ఇస్తారు. కోర్సు మేలో మొదలైతే మేకి రావాలి, సెప్టెంబరులో అయితే సెప్టెంబరుకి. ముందే వచ్చేస్తే చదువు సగానికి చేరకముందే వాళ్లు తిరిగి వెళ్లిపోవాలి. టిక్కెట్లు రెండు మూడు నెలల ముందు కొంటే ఒక ధర, రెండు వారాల ముందు కొంటే ఇంకో ధర. అక్కడ వాళ్లకు బీపీ మందులు ఆరు నెలలకు సరిపడా కొనుక్కోవాలి, పొలం కౌలుకివ్వాలి, ఇల్లు ఎవరికో అప్పగించాలి. తెనాలిలో ఒక ముసలి దంపతుల ఏడాది ప్రణాళిక మీ పోర్టల్‌లో మారని ఆ ఒక్క మాట మీద ఆగి ఉందని మీకు తెలియకపోవచ్చు. తెలియాలనే రాస్తున్నాను.

వీసా మీద ఉన్నవాళ్ల కథ ఇంకా ఇరుకు. స్టూడెంట్ వీసా మీద ఇక్కడ మొదటి డిగ్రీ పూర్తిచేసిన పిల్లకు, చదువు అయిపోయాక 60 రోజుల వ్యవధి ఉంటుంది. ఆలోగా వేరే కాలేజీకి బదిలీ పెట్టుకోవాలి, లేదా పని అనుమతికి దరఖాస్తు చేసి ఉండాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. బదిలీకి కొత్త కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం కావాలి, ఐ-20కి అడ్మిషన్ కావాలి. చిన్నప్పుడే తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ పిల్లలుగా హెచ్-4 వీసా మీద వచ్చి, ఇక్కడే బడికి వెళ్లి, 21 ఏళ్లు నిండాక ఆ వీసా చెల్లక స్టూడెంట్ వీసాకు మారిన మా తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. మీ “త్వరలో” ఆ 60 రోజుల్లోపు రాకపోతే వాళ్లు పోవలసింది తమకు సరిగ్గా గుర్తు కూడా లేని దేశానికి.

డబ్బు సంగతి పౌరులకు కూడా సుఖంగా లేదు. బ్యాచిలర్ డిగ్రీ ఒకటి ఉన్నవాళ్లకు ఫెడరల్ ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంటు రాదు. ఫెడరల్ అప్పుకి పరిమితి ఉంది, మొదటి డిగ్రీకి వాడుకున్నది అందులోంచే పోతుంది. ప్రైవేటు యూనివర్సిటీల్లో ట్యూషన్ ఒక్కటే 60,000 డాలర్లు దాటే కోర్సులున్నాయి. ఇక డిపాజిట్. ఒక కాలేజీ సీటిస్తే వారం రెండు వారాల్లో కొన్ని వందల డాలర్లు కట్టి సీటు పట్టుకోవాలి, ఆ డబ్బు తిరిగి రాదు. ఇంటికి దగ్గరగా ఉన్న, ఫీజు తక్కువున్న ఇంకో కాలేజీ ఏమీ చెప్పదు. కట్టకపోతే చేతిలో ఉన్నది పోతుంది. కడితే, రేపు రెండోది వస్తే ఆ డబ్బు పోతుంది. డబ్బున్నవాళ్లు రెండు మూడు చోట్ల కట్టి కూర్చుంటారు. లేనివాళ్లు మొదట పిలిచిన చోటికి, ఖరీదైనా దూరమైనా, తలవంచుకుని వెళతారు. నా మాటల్లో చెప్పాలంటే ఇది అన్యాయం. తేదీలు కలవకపోవడం వల్ల పుట్టిన అన్యాయం కాబట్టి తేదీలు కలిపితే పోతుంది.

మీ ఇబ్బందులు నాకు తెలియవని కాదు. మీ సంఘం, అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ కాలేజెస్ ఆఫ్ నర్సింగ్, ఏటా లెక్కలు ప్రకటిస్తుంది. అర్హత ఉండి కూడా సీటు ఇవ్వలేక తిప్పి పంపిన దరఖాస్తులు 2021లో 91,938. 2023లో 65,766. బ్యాచిలర్ నుంచి పై చదువుల దాకా అన్నీ కలిపిన లెక్క అది. మరోపక్క రాబోయే పదేళ్లలో ఏటా దాదాపు 1,90,000 రిజిస్టర్డ్ నర్సు ఉద్యోగాలు ఖాళీ అవుతాయని అమెరికా కార్మిక శాఖ అంచనా. మనుషులు కావాలి, మనుషులు ఉన్నారు, మధ్యలో తలుపు ఇరుకు. తలుపు ఇరుకవడానికి కారణం మీ నిర్లక్ష్యం కాదు. పాఠం చెప్పే నర్సులు దొరకడం లేదు. 2023లో మీ సంఘం సర్వే చేసిన కాలేజీల్లో దాదాపు 2,000 పూర్తికాలపు అధ్యాపక ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయి. మాస్టర్సో డాక్టరేటో చేసిన నర్సుకి క్లినిక్‌లో వచ్చే జీతం కాలేజీలో రాదు. క్లినికల్స్‌కి ఆసుపత్రుల్లో చోటు కావాలి, అక్కడ దగ్గరుండి చూపించే నర్సులు కావాలి. టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో రోగి దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు ఒక టీచరుకు పదిమంది విద్యార్థులను మించకూడదని బోర్డు నిబంధన. రోగి క్షేమం కోసం అది ఉండాల్సిందే. ఒక ఆసుపత్రి చివరి నిమిషంలో ఒక వార్డు ఇవ్వనంటే పది సీట్లు పోతాయి. అందుకని ఆఖరి దాకా ఆగి చూస్తారు. అర్థమైంది.

కానీ మీరు ఆగడానికి ఇంకో కారణం ఉంది, అది మీ చేతిలో ఉన్నది. మీరు సీటిచ్చిన వాళ్లలో ఎంతమంది చేరతారో మీకు తెలియదు. ఎందుకు తెలియదంటే, ఒక్కొక్కరం ఆరేడు చోట్ల దరఖాస్తు పెడుతున్నాం. ఎందుకు పెడుతున్నామంటే, ఎవరు ఎప్పుడు ఏం చెబుతారో మాకు తెలియదు. దరఖాస్తులు పెరిగినకొద్దీ మీ కమిటీలకు చదవాల్సినవి పెరుగుతాయి, జవాబులు ఇంకా ఆలస్యమవుతాయి, ఆ ఆలస్యం చూసి వచ్చే ఏడాది వాళ్లు ఇంకో రెండు చోట్ల ఎక్కువ పెడతారు. పైన చెప్పిన 65,766లో ఒకే మనిషివి ఎన్నెన్ని దరఖాస్తులున్నాయో! గానుగెద్దుల్లా మీరూ మేమూ ఒకే చుట్టు తిరుగుతున్నాం.

ఈ చుట్టులోంచి బయటపడ్డవాళ్లు మీ పక్క భవనంలోనే ఉన్నారు. 1940ల్లో అమెరికా ఆసుపత్రులు మంచి ఇంటర్న్‌ల కోసం ఒకరికంటే ఒకరు ముందుగా ఎగబడి, చదువు పూర్తికావడానికి దాదాపు రెండేళ్ల ముందే మెడికల్ విద్యార్థులకు ఉద్యోగాలు ఇచ్చేయడం మొదలుపెట్టాయి. అలా కాదని, ఫలానా తేదీ దాకా విద్యార్థుల వివరాలు బయటపెట్టకూడదని కాలేజీలు కట్టడి చేశాయి. అప్పుడు రోగం ఇంకో రూపంలో బయటపడింది. ఉద్యోగం ఇచ్చి, ఒప్పుకుంటావా లేదా వెంటనే తేల్చమన్నారు. ఆ గడువు రోజుల నుంచి గంటలకు కుదించుకుపోయింది. తనకు నచ్చిన ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తుందేమోనని చూస్తూ, నచ్చని దానికి గంటల్లో జవాబు చెప్పాల్సి వచ్చింది. సరిగ్గా ఇప్పుడు మా పరిస్థితి. చివరికి 1952లో అందరూ కలిసి ఒకే మ్యాచ్ పెట్టుకున్నారు. విద్యార్థి తన ఇష్టాల వరుస ఇస్తాడు, ఆసుపత్రి తన వరుస ఇస్తుంది, రెంటినీ ఒకచోట కలిపి జోడీ కుదురుస్తారు. మొదట తయారుచేసిన పద్ధతిలో విద్యార్థులకు అన్యాయం జరుగుతుందని విద్యార్థులే అభ్యంతరం చెబితే దాన్ని మార్చారు కూడా. ఆ మ్యాచ్‌ను 1990ల్లో తిరగరాసిన ఆల్విన్ రోత్‌కు, ఇలాంటి జోడింపుల సిద్ధాంతానికి పునాది వేసిన లాయిడ్ షేప్లీకి కలిపి 2012లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఈరోజు కొత్త డాక్టర్లు ఏ ఆసుపత్రిలో చేరతారో మార్చి మూడో శుక్రవారం, దేశమంతా ఒకేరోజు తెలుసుకుంటారు.

మాకు మ్యాచ్ పెట్టమని అడగడం లేదు. అంతకంటే తేలికైనది మెడికల్ కాలేజీల అడ్మిషన్లలోనే ఉంది. మార్చి 15కల్లా కనీసం తమ సీట్లకు సమానమైనన్ని ఆఫర్లు ఇచ్చి ఉండాలని, ఒకటికంటే ఎక్కువ సీట్లు చేతిలో ఉన్న విద్యార్థి ఏప్రిల్ 30కల్లా ఒకటి ఉంచుకుని మిగతావి వదలాలని వాళ్ల సంఘం మార్గదర్శకాలు రాసుకుంది. గ్రాడ్యుయేట్ స్కూళ్లు కూడా చాలావరకు, ఆర్థిక సాయంతో ఇచ్చిన సీటుకి ఏప్రిల్ 15 లోపు జవాబివ్వమని విద్యార్థిని బలవంతపెట్టబోమని ఒప్పందం మీద సంతకం చేశాయి. అదే క్యాంపస్‌లో, కొన్నిచోట్ల అదే ఆరోగ్య విజ్ఞాన భవనంలో మీరున్నారు. డాక్టరు కాబోయేవాడికి ఉన్న క్యాలెండరు నర్సు కాబోయేదానికి ఎందుకు లేదన్నది నన్ను బాధపెట్టే ప్రశ్న. నర్సులు సర్దుకుపోతారులే అన్న పాత అలవాటు ఎక్కడో ఉందని నా అనుమానం. మా ఇళ్లలోనూ ఉందది. “డాక్టరు కాకుండా నర్సేమిటమ్మా?” అని నన్ను అడిగినవాళ్లు దగ్గర బంధువులే. వాళ్లకు జవాబు చెప్పుకుంటున్నాను. మీరు కూడా మీ వృత్తికి తగిన గౌరవంతో మీ తలుపు దగ్గర నిలబడ్డవాళ్లను చూడాలని కోరుతున్నాను.

మా ఊరివాళ్లకు ఈ పద్ధతి అర్థం కాకపోవడానికి కారణం ఉంది. మా దగ్గర ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) కౌన్సెలింగ్‌లో లోపాలు లేవని అనను. ప్రధానంగా ఒక మూడు గంటల పరీక్షతో మనిషిని తూకం వేసే పద్ధతి నాకు నచ్చదు. మీరు మనిషి రాసుకున్న వ్యాసం చదువుతారు, సిఫారసు ఉత్తరాలు చూస్తారు, పని అనుభవం లెక్కేస్తారు. అది మంచిది, అలాగే ఉంచండి. కానీ అక్కడ ర్యాంకు తెలుస్తుంది, పోయినేడాది ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో తెలుస్తుంది, ఆప్షన్లు పెట్టాక సీట్ల కేటాయింపు ఏ రోజో నోటిఫికేషన్‌లో ఉంటుంది. రాకపోతే రాలేదని ఆ రోజే తెలుస్తుంది, ఏడ్చేవాళ్లు ఆ రోజే ఏడుస్తారు, మర్నాడు డిగ్రీ కాలేజీకి దరఖాస్తు పెట్టుకుంటారు. సీటు రాకపోయినా సంవత్సరం పోదు.

కాబట్టి మీ సంఘం సమావేశంలో ఇది చర్చకు పెట్టండి. వేసవిలో మొదలయ్యే కోర్సులకు ఒక తేదీ, సెప్టెంబరులో మొదలయ్యే వాటికి ఒక తేదీ, ఆ రోజుకల్లా అందరికీ ఏదో ఒక జవాబు. అంతకుముందు సీటిచ్చినా డిపాజిట్ గడువు ఆ తేదీ దాటాకే. వెయిట్‌లిస్టులో పెడితే ఎన్నో వరుసో, పోయిన రెండు మూడేళ్లలో ఎంతవరకు కదిలిందో చెప్పడం. బ్యాచ్‌కి ఎన్ని సీట్లో దరఖాస్తు ఫీజు తీసుకోకముందే వెబ్‌సైట్‌లో పెట్టడం. ఆసుపత్రి చివర్లో వార్డు ఇవ్వకపోతే ఏం చేయాలంటారా? ఆ పది సీట్లు ఖాయం కాదని ఆఫర్‌లోనే రాయండి, చదివి ఒప్పుకునేవాళ్లు ఒప్పుకుంటారు. అన్నిటికంటే ముందు, ఇవ్వబోమని మీకు ఇప్పటికే తెలిసినవాళ్లకు ఇవాళే చెప్పండి. కొన్ని కాలేజీలు బ్యాచ్ నిండేదాకా కాదన్న జవాబులు ఆపి ఉంచుతాయి. వెయిట్‌లిస్టులో కూడా పెట్టని మనిషిని అన్ని నెలలు నిలబెట్టడానికి ఏ కారణమూ లేదు. సాధ్యమైతే ఎందుకివ్వలేదో ఒక్క వాక్యం రాయండి. టీస్ మార్కులు చాలకపోతే మళ్లీ రాసుకుంటాం, ఫిజియాలజీలో గ్రేడు చాలకపోతే మళ్లీ చదువుకుంటాం. కారణం తెలియకపోతే అన్నీ మళ్లీ చేస్తాం, లేదా ఏదీ చేయకుండా మానేస్తాం. మానేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్లు మంచి నర్సులయ్యేవాళ్లు.

మీలో ఇవన్నీ ఇప్పటికే చేస్తున్న కాలేజీలు కొన్ని ఉన్నాయి. తేదీ చెప్పి, ఆ తేదీకే కాదన్న ఒక కాలేజీ మీద నాకు గౌరవం పెరిగింది. వచ్చే ఏడాది దరఖాస్తు పెట్టాల్సి వస్తే మొదట అక్కడే పెడతాను.

ఇక నా సంగతి. మీరు కాదంటే ఏం చేయాలో నిర్ణయించుకున్నాను. మా కౌంటీ కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ నర్సింగ్ కోర్సు ఉంది. అది పూర్తిచేసినా అదే ఎన్‌క్లెక్స్, అదే లైసెన్సు, బ్యాచిలర్ డిగ్రీ తర్వాత ఉద్యోగం చేస్తూ పూర్తిచేసుకోవచ్చు. ఆ కాలేజీ దరఖాస్తుల గడువు దగ్గర పడుతోంది, వాళ్ల తేదీ వాళ్ల వెబ్‌సైట్‌లో స్పష్టంగా ఉంది. అది దాటకముందే మీ జవాబు పంపండి. ఔనంటే అమ్మావాళ్లకి టిక్కెట్లు కొంటాను. కాదంటే మర్నాడే అక్కడ దరఖాస్తు పెడతాను.

ఇట్లు,
ఒక దరఖాస్తుదారు,
న్యూజెర్సీ